వాల్వు సంగతి తర్వాత, ముందు కరెంటు సంగతి

మొన్న ఆదివారం చంద్రగిరి నుంచి ఒక కుర్రాడు తిరుపతిలో మా ఇంటికొచ్చాడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. సొంతంగా వాల్వు ప్రీయాంప్ కట్టుకోవాలని ఆశ. వాల్వు అంటే పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టం; ప్రీయాంప్ అంటే ఫోనో సీడీయో ఇచ్చే శబ్దాన్ని, స్పీకర్లను నడిపే పవర్ యాంప్‌కు పంపే ముందు పెంచే పెట్టె. నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద సామాన్ల జాబితా రాసుకొచ్చాడు. పై వరుసలో పాత కాలపు యూరప్ వాల్వులు, జత ఆరు వేలు. దాని కింద ఫారిన్ కెపాసిటర్లు నాలుగు, మూడు వేల రెండు వందలు. తర్వాత బంగారు పూత సాకెట్లు, వెండి తీగ. పేజీ అట్టడుగున, చోటు చాలక ఇరికించినట్టు, 'ట్రాన్స్‌ఫార్మర్ 400' అని ఉంది. ఎర్తు మాట ఎక్కడా లేదు.

“ఏ వాల్వు వేస్తే సౌండు బాగుంటాదన్నా?” అని అడిగాడు.

కాగితం తలకిందులు చేసి అతని చేతికిచ్చాను. కింద ఉన్నది పైకి రావాలని చెప్పాను. అతను మొహమాటపడి సరేనన్నాడు గానీ నమ్మలేదని మొహం చూస్తే తెలిసింది. ఆ పిల్లవాడికి అప్పుడు నోటితో సరిగ్గా చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ఒక్కటే: వాల్వు ప్రీయాంప్‌లో మనం వినేది సగానికి పైగా పవర్ సప్లైనే, అంటే గోడ కరెంటును వాల్వుకు తగినట్టు మార్చి ఇచ్చే భాగాన్నే. డబ్బూ ఓపికా ముందు దాని మీద పెట్టాలి. వాల్వు బ్రాండు, కెపాసిటర్ బ్రాండు ఆఖరున చూసుకోవచ్చు.

స్విచ్ ఆపాక రెండు సెకన్లు

నేను కూడా ఆ పిల్లవాడి దారిలోనే మొదలుపెట్టాను. నా మొదటి ప్రీయాంప్‌లో రెండు 12ఏయూ7 వాల్వులు. పొద్దున వింటే నిశ్శబ్దంగా ఉండేది. సాయంత్రం ఏడు దాటితే స్పీకర్లలోంచి సన్నగా గుయ్‌మని మోత. మొదట వాల్వును అనుమానించాను. రెండు వాల్వులూ మార్చాను. తగ్గలేదు. ఇంకాస్త ఖరీదైన జత తెప్పించాను. వారం రోజులు తగ్గినట్టే అనిపించింది, మళ్ళీ అదే మోత.

ఒకరోజు రాత్రి విసుగొచ్చి, పాట నడుస్తుండగానే ప్రీయాంప్ స్విచ్ కట్టేశాను. పవర్ యాంప్ వేరే ప్లగ్గులో ఉంది, అది ఆన్‌లోనే ఉంది. వాల్వు యాంప్ కట్టినవాళ్ళకు తెలుసు, స్విచ్ ఆపిన వెంటనే పాట ఆగదు. వాల్వును వేడిచేసే లోపలి తీగ, ఫిలమెంట్, ఇంకా వేడిగా ఉంటుంది, కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉంటుంది. రెండు మూడు సెకన్లు పాట వస్తూ వస్తూ సన్నబడి ఆగిపోతుంది. ఆ రాత్రి ఆ రెండు సెకన్లలో మోత లేదు. వీణ మీట్ల మధ్య ఖాళీ కూడా వినిపించింది. అంత శుభ్రమైన శబ్దం ఆ పెట్టెలోంచి నేను అంతకు ముందెన్నడూ వినలేదు.

అవే వాల్వులు, అవే కెపాసిటర్లు, అదే తీగ. గోడలోంచి వచ్చే కరెంటు ఒక్కటే లేదు. నేను డబ్బంతా తప్పు చోట పెట్టానని అప్పుడు అర్థమైంది. స్విచ్ వేసి, ఆపి, వేసి, ఆపి ఆ రెండు సెకన్ల కోసమే ఐదారుసార్లు విన్నాను. అలా మాటిమాటికీ స్విచ్ వేయడం వాల్వుకు మంచిది కాదు, తెలుసు. ఆగలేకపోయాను.

మర్నాడు సాయంత్రం మీటరు పెట్టి కూర్చున్నాను. ప్లగ్గులో 196 వోల్టులు. మా వీధిలో ఎండాకాలం సాయంత్రాలు ఏసీలన్నీ ఒకేసారి మొదలవుతాయి, అర్ధరాత్రి దాటితే అదే ప్లగ్గులో 240 పైన చూపిస్తుంది. నా ఫిలమెంట్ సప్లైలో 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జి, వోల్టేజీని 12 దగ్గర నిలిపే 7812 రెగ్యులేటర్ ఉన్నాయి. 7812 సరిగా పనిచేయాలంటే దాని ముందు కనీసం 14 వోల్టులు ఉండాలి. 196 దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది పది చిల్లర. డయోడ్లు దాటాక శిఖరం పదమూడున్నర కూడా లేదు. అంటే సాయంత్రం పూట రెగ్యులేటర్ రెగ్యులేటర్‌గా పనిచేయడం మానేసి, సెకనుకు వందసార్లు ఊగే కరెంటును ఉన్నదున్నట్టు ఫిలమెంట్‌కు పంపిస్తోంది. కాగితం మీద 230 అని లెక్క వేసుకుని కట్టాను. తిరుపతి సాయంత్రాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి 15 వోల్టులది పెట్టాను. 196లో కూడా రెగ్యులేటర్ ముందు 15 మిగులుతోంది. 245 ఉన్నప్పుడు ఎక్కువైన వోల్టేజీ వేడిగా మారుతుంది, రెండున్నర వాట్లకు పైనే, కాబట్టి 7812కు మంచి హీట్‌సింక్ కావాలి. మొత్తం ఖర్చు మూడు వందల లోపు. ఖరీదైన వాల్వుల జత ఇప్పటికీ అలమారలో ఉంది.

తంబూర ఎవరిది?

కొంత మోత ఉంటే ఏమవుతుంది, పాట మొదలైతే వినపడదు కదా అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా అక్క ఇక్కడి సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంది. ఆ మోత ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం వచ్చి కూర్చుని, అన్నమయ్య కీర్తన వింటూ, “ఈ తంబూర ఎవరు వేశార్రా? శ్రుతి కొంచెం పైకి పోయింది” అంది. రికార్డింగులో తంబూర సరిగానే ఉంది. ఆమె విన్నది నా పవర్ సప్లైని.

తర్వాత లెక్క వేసి చూస్తే విషయం తేటతెల్లమైంది. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు, డయోడ్ బ్రిడ్జి దాటాక వచ్చే మోత 100, దాని పైన 200, 300. ఆ గాయని పాడుతున్నది ఐదు శ్రుతి. ఆడవాళ్ళు ఎక్కువగా ఐదు, ఐదున్నర ప్రాంతంలోనే పాడతారు. ఐదు శ్రుతి షడ్జమం 196, దాని కింది స్థాయిది 98. మన మోత 100, 200. అంటే షడ్జమానికి అంటుకుని, కొద్దిగా పైన. 196, 200 రెండూ కలిస్తే సెకనుకు నాలుగుసార్లు ఊగుతుంది. మోత విడిగా వినపడదు, షడ్జమం దగ్గర నిలకడ పోయినట్టు వినపడుతుంది. కరెంటు 60 సైకిళ్ళు ఉన్న దేశాల్లో మోత పడేది వేరే స్వరాల మీద. మనకు సరిగ్గా ఆడవాళ్ళ శ్రుతి మీదే వచ్చి కూర్చుంది. సంగీతం వినడానికే ఈ పెట్టె కడుతున్నప్పుడు దీన్ని చిన్న లోపమని వదిలేయడం నాకు చేతకాదు.

ప్రీయాంప్ తాగేది ఎంత?

నాలుగు వందల ట్రాన్స్‌ఫార్మర్ అని రాసుకున్నందుకు ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడం లేదు. డబ్బు తక్కువ పెట్టాడన్నది నా బాధ కాదు, ఆలోచన పెట్టలేదన్నదే. నిజానికి ప్రీయాంప్‌కు కావలసిన హై టెన్షన్ కరెంటు, అంటే వాల్వు ప్లేటుకు ఎక్కువ వోల్టేజీ మీద ఇచ్చేది, చాలా కొద్ది. రెండు 12ఏయూ7లలో శబ్దాన్ని పెంచే భాగాలు, ట్రయోడ్లు, నాలుగు, ఒక్కోదానికి 3 మిల్లీయాంపులు, మొత్తం 12. మూడున్నర వాట్లు కూడా కాదు. పవర్ యాంప్ కట్టేవాళ్ళకు మోతను అడ్డుకునే బరువైన చోక్ కాయిల్ కావాలి. మనకు మామూలు రెసిస్టర్లే ఆ పని చేసిపెడతాయి.

బ్రిడ్జి తర్వాత 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే, 12 మిల్లీయాంపులకు దాని మీద మోత 1.2 వోల్టులు. తర్వాత 2.2 కిలో ఓమ్ రెసిస్టర్, ఇంకో 100 మైక్రోఫారడ్. అక్కడ మోత సుమారు 140 వంతుల్లో ఒక వంతు అవుతుంది, తొమ్మిది మిల్లీవోల్టుల లోపు. మళ్ళీ అలాంటిదే ఇంకొక జత వేస్తే 0.06 మిల్లీవోల్టు. మనం పోగొట్టుకునేది ఒక్కో రెసిస్టర్ మీద 26 వోల్టులు మాత్రమే. రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లతో మోత ఇరవై వేల వంతుల్లో ఒక వంతుకు దిగిపోయింది. ఏ ఖరీదైన వాల్వూ ఈ పని చేయలేదు.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. 200 వోల్టుల సెకండరీ (కరెంటు బయటికిచ్చే చుట్ట) ఉన్నది తిరుపతి షాపుల్లో దొరకదు. దానికి పాత ఉపాయం ఒకటుంది. రెండు 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లను వీపులు కలిపి పెట్టడం: మొదటిది 230ని 12 చేస్తుంది, రెండోది తిరగేసి ఆ 12ని మళ్ళీ పైకి ఎత్తుతుంది. నష్టాలు పోను 200 దాకా వస్తుంది. గోడ కరెంటు నుంచి పూర్తిగా విడిపోయి ఉంటుంది, అదే అన్నిటికంటే ముఖ్యం. బ్రిడ్జి దాటాక 280, రెసిస్టర్లు దాటాక సుమారు 230. 12ఏయూ7కు అది పుష్కలం. ప్రతి ఎలక్ట్రికల్ షాపులో దొరికే సరుకు ఇది, కాలిపోతే గంటలో మార్చుకోవచ్చు.

ఓపిక ఉన్నవాళ్ళు చుట్టించుకోవచ్చు. మా దగ్గర సందులో మోటారు వైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు, స్టెబిలైజర్లు చుట్టే మనిషి. “లోడు ఎంత సామీ?” అని అడిగాడు. పన్నెండు మిల్లీయాంపులంటే మళ్ళీ అడిగాడు, సరిగా వినలేదేమోనని. అంగుళం చదరం ఇనుప కోర్‌కు వోల్టుకు ఏడు చుట్లు అని అతనికి లెక్క నోటికొచ్చు. ఎనిమిది వేయమన్నాను. చుట్లు ఎక్కువైతే రాత్రిపూట 245 వచ్చినా ఇనుము గుర్రుమనదు, చుట్టూ చిమ్మే అయస్కాంత క్షేత్రం కూడా తగ్గుతుంది. ప్రైమరీకీ (గోడ కరెంటు వచ్చే చుట్టకూ) సెకండరీకీ మధ్య పలుచటి రాగి రేకు ఒక్క చుట్టు వేసి, దాన్ని ఎర్తుకు కలపాలని అడిగాను. అంతవరకూ వింటూ ఉన్నవాడు చేయి ఆపాడు. “రేకు రెండు కొసలూ తగిలితే ఒక చుట్టు షార్టయిపోతాది కదా సామీ, కాలిపోతాది” అన్నాడు. నేను చెప్పబోతున్న జాగ్రత్త అతనే చెప్పాడు. కొసల మధ్య పసుపు రంగు ఇన్సులేషన్ కాగితం రెండు మడతలు పెట్టి, దాని మీద బొటనవేలితో అదిమి, దారంతో కట్టాడు. పైన వార్నిష్. తొమ్మిది వందలు తీసుకున్నాడు. ఏడేళ్ళయింది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెవి ఆనించినా చప్పుడు లేదు.

ఎదురు మాటలు

చిత్తూరులో నాకొక మిత్రుడున్నాడు. ఈ ఇనుమూ రాగీ గొడవంతా పాతకాలపుదని అంటాడు. 12 వోల్టుల అడాప్టర్ పెట్టి, అరచేతిలో సగం ఉండే బూస్ట్ బోర్డుతో 250 వోల్టులు తీస్తాడు. అతని ప్రీయాంప్ విన్నాను. నిజం ఒప్పుకోవాలి, నా దానికంటే నిశ్శబ్దంగా ఉంది. ఆ బోర్డు చెవికి అందని వేగంతో పనిచేస్తుంది, 100 సైకిళ్ళ మోతే పుట్టదు. మీటరులో వోల్టేజీ పడిపోయినా దానికి పట్టదు. ఈ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఉన్న జవాబు ఇది. పద్నాలుగు నెలలకు ఆ బోర్డు పోయింది. దాని మీదున్న చిప్ నంబరు గీకేసి ఉంది. బాగుచేయడానికి ఏం పోయిందో తెలియదు, కొత్తది తెప్పిస్తే అది వేరే డిజైను. నా పెట్టెలో ఏది పోయినా స్కూటర్ మీద వెళ్ళి తెచ్చుకునే దూరంలోనే ఉంది. అయినా చిన్న ఇంట్లో, తక్కువ చోటులో కట్టుకునేవాళ్ళకు బూస్ట్ బోర్డు తప్పని నేననను. మంచి బోర్డు కొని, దాని తర్వాత ఒక రెసిస్టరూ కెపాసిటరూ పెట్టి, రేకు డబ్బాలో మూసి వాడుకోవచ్చు. అదైనా పవర్ సప్లై గురించి ఆలోచించినట్టే. నా అభ్యంతరం ఆలోచించకుండా పెట్టడం మీదే.

ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే 6జే1 వాల్వు కిట్ల సంగతి వేరు. 120 వోల్టుల దగ్గర పనిచేయాల్సిన వాల్వును ముప్పై చిల్లర వోల్టులతో నడిపిస్తారు. వాల్వు వెలుగుతుంది, పాటా వస్తుంది. టంకం పట్టడం నేర్చుకోవడానికి బాగుంటుంది. వాల్వు శబ్దం అంటే ఇదేనని ఆ కిట్ విని తీర్మానించుకోవద్దు.

ఇంకొక ప్రశ్న నన్ను నేనే వేసుకుంటాను. చవగ్గా దొరికే 5532 చిప్ ఒకటి వీటన్నిటికంటే శుభ్రంగా శబ్దాన్ని పెంచుతుంది. కొలిస్తే అదే గెలుస్తుంది. మరి వాల్వు ఎందుకు? మా నాన్న రేడియో వెనక అట్ట తీస్తే వాల్వుల మీద బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) అక్షరాలు కనిపించేవి. బెంగళూరులో ఆ సంస్థ 1961లో ఫిలిప్స్ సాంకేతిక సాయంతో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఆ ఎర్రటి వెలుగు చూస్తూ పెరిగాను. చిప్ లోపల ఏం జరుగుతోందో నాకు కనపడదు. వాల్వు ప్రీయాంప్‌లో ప్రతి వోల్టు ఎక్కడ పుట్టి ఎక్కడ ఖర్చవుతుందో మీటరు ముల్లుతో వెంట నడవచ్చు. నాకు ఆ నడక ఇష్టం. ఇంతకు మించిన కారణం చెబితే అబద్ధమవుతుంది.

బ్రాండు కంటే విలువ

కెపాసిటర్ల దగ్గర అందరికీ డబ్బు జారిపోతుంది. అవుట్‌పుట్ దగ్గర పెట్టేదాని సంగతి ఒక్కటి చెబుతాను. తెలిసినాయన ఒకరు 0.22 మైక్రోఫారడ్ ఫారిన్ కెపాసిటర్ జత కొని వేసుకున్నారు. స్పష్టత బ్రహ్మాండంగా పెరిగిందని పిలిచారు. వెళ్ళి విన్నాను. మృదంగం కుడి పక్క బాగానే మోగుతోంది, ఎడమ పక్క తొప్పి మీద గుమ్‌మనే నాదం ఎండిపోయింది. ఆయన పవర్ యాంప్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్. దానికి 0.22 పెడితే 72 సైకిళ్ళ దగ్గరే కోత మొదలవుతుంది. కింది నాదం పోయేసరికి పైది ఎక్కువైనట్టు వినిపించింది, అదే స్పష్టత అనుకున్నారు. 2.2 మైక్రోఫారడ్‌ది, మామూలు పాలీప్రొపిలీన్, వంద లోపుది, నా సంచిలో ఉంటే వేసి చూపించాను. కోత 7 సైకిళ్ళకు దిగింది. మృదంగం మృదంగంలా మోగింది. ఆయన కాసేపు మాట్లాడలేదు.

పవర్ సప్లైలో వేసే ఎలక్ట్రోలిటిక్‌లకు మాత్రం వెనకాడను. 105 డిగ్రీలని రాసి ఉన్నవే, 400 వోల్టులవే. మేలో బయట 42 ఉంటే మూసిన పెట్టెలో ఇంకా ఎక్కువ. పది డిగ్రీల వేడి తగ్గితే వీటి ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది. వీటి కోసం సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్ దాకా వెళ్ళిన రోజులున్నాయి. అక్కడే ఒకసారి పాత సరుకు మీద కొత్త తొడుగు వేసినవి కొని మోసపోయాను. చేతిలో పెట్టుకుంటే ఆ సైజుకు ఉండాల్సిన బరువు లేదు, అప్పుడే అనుమానించాల్సింది.

ప్లేట్ రెసిస్టర్లు మెటల్ ఫిల్మ్‌వి చాలు. 33 కిలో ఓమ్‌లో 3 మిల్లీయాంపులంటే 0.3 వాట్, నేను 2 వాట్‌వి వేస్తాను, చల్లగా ఉంటాయి.

వాల్వు ఎంపిక? ఫోన్ నుంచో సీడీ నుంచో వచ్చేది ఎలాగూ వోల్టు, రెండు వోల్టులు. 12ఏఎక్స్7 పెట్టి అరవై రెట్లు పెంచితే వాల్యూమ్ మూల దాటి తిప్పలేరు, దాంతో పాటు మోతా పెరుగుతుంది. 12ఏయూ7 పది, పదిహేను రెట్లు పెంచుతుంది. అదే ఎక్కువ. ఇప్పుడు తయారవుతున్నది ఏదైనా, మామూలు ధరది, కొత్తది కొనుక్కోండి.

ఎర్తు

ఇది రాయకుండా ఆ పిల్లవాణ్ణి పంపించి ఉంటే నాకు నిద్రపట్టేది కాదు. మేము అద్దెకున్న పాత ఇంట్లో ప్రీయాంప్ చాసిస్‌కు (లోహపు పెట్టెకు) టెస్టర్ ఆనిస్తే వెలిగేది. వైరింగ్ అంతా విప్పి చూశాను, తప్పు లేదు. చివరికి గోడలో బోర్డు విప్పితే మూడో పిన్నుకు తీగే లేదు. మూడు రంధ్రాలున్నాయని ఎర్తు ఉందనుకున్నాను. ఇంటాయన్ని ఒప్పించి, పెరట్లో గుంట తీయించి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేయించాం. ఆ రోజు నుంచి టెస్టర్ వెలగలేదు.

మోత తగ్గాలంటే ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. తగ్గవచ్చు కూడా. లోపల 230 వోల్టుల ఫేజు తీగ ఊడి చాసిస్‌కు తగిలిన రోజు, ఆ పిన్ను లేకపోతే వాల్యూమ్ తిప్పే చెయ్యే ఎర్తు అవుతుంది. దయచేసి పీకొద్దు. మోతకు మందు లోపలే ఉంది: గ్రౌండు తీగలన్నీ ఒకే బిందువుకు చేర్చండి, మొదటి కెపాసిటర్ గ్రౌండునూ సిగ్నల్ గ్రౌండునూ ఒకే తీగ మీద నడిపించవద్దు. హై టెన్షన్ మీద 220 కిలో ఓమ్, 2 వాట్ రెసిస్టర్ శాశ్వతంగా కట్టేయండి, కెపాసిటర్ల చార్జి దాని గుండా దిగిపోతుంది. అయినా ఆపిన ఐదు నిమిషాల దాకా చేయి పెట్టవద్దు. పెట్టే ముందు మీటరు పెట్టండి, రెండో చెయ్యి జేబులో ఉంచుకోండి.

నిన్న రాత్రి ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. జాబితా తిరగరాశాడట. ఆరు వేల వాల్వులు కొట్టేశాడు, కెపాసిటర్లు మాత్రం ఇంకా కొట్టేయలేదు, “చూస్తానన్నా” అన్నాడు. హాస్టల్ గదిలో మూడో పిన్నుకూ ఫేజుకూ మధ్య మీటరు పెడితే 90 వోల్టులు వస్తోందట, అలా రావచ్చా అని అడిగాడు. రాకూడదని, ఎర్తు నిజంగా ఉంటే 230 దాకా చూపించాలని, ముందు వార్డెన్‌తో మాట్లాడమని చెప్పాను. ఈ ఆదివారం వైండింగ్ షాపుకు ఇద్దరం కలిసి వెళ్తున్నాం. రాగి రేకు కత్తిరించి పెట్టాను.